మేక తిన్న మొక్కు

రైలు ఉలిందకొండ దాటేలోపల ఓబుళమ్మ "నాకు తెల్సు" అని ఎన్నిసార్లు అందో ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టి ఉంటే ఆ రోజు లెక్కల పాఠం కూడా అయిపోయేది.

పెట్టె నిండా అయిదో తరగతి పిల్లలే. వెల్దుర్తి దగ్గరి పల్లె నుంచి వాళ్ళను జ్ఞానరాజు అయ్యవారు కర్నూలు చూపించడానికి తీసుకుపోతున్నారు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఏడాది దాటింది. రాజధాని ఇంత దగ్గర పెట్టుకుని చూడకపోతే నవ్విపోతారని అయ్యవారి పట్టుదల.

"సార్, కొండారెడ్డి బురుజు కింద సొరంగం ఉండాదంట. ఏటి కిందనుంచి అలంపురం దాకా పోతాదంట. నిజమేనా సార్?" అన్నాడు మహానంది. వాడు ప్రశ్నల పుట్ట. ఆవు ఈనినా ప్రశ్నే, ఈనకపోయినా ప్రశ్నే.

"అట్లంటారు. చూసినోడు మాత్రం నాకు కనపడలేదు" అన్నారు అయ్యవారు.

"ఉండాది. నాకు తెల్సు" అంది ఓబుళమ్మ.

"నువ్వు చూసినావా?"

"చూడకుండానే చెప్తాండానా? నేను ముందే పోయినా గదా కర్నూలుకు!"

పోయిన మాట నిజమే. మూడేళ్ళప్పుడు మేనమామ భుజం మీద కూర్చుని పోయింది. దారి పొడుగునా నిద్రపోయింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమెకు గుర్తున్నది ఒక జట్కా గుర్రం తోక ఒక్కటే. ఆ తోకను పట్టుకుని ఇన్నేళ్ళుగా కర్నూలంతా తెలుసని చెప్పుకుంటోంది.

"అంత తెలీకపోతే ఊర్లోనే ఉండాల్సింది" అని మహానందిని చూసి నవ్వింది. మిగతా పిల్లలు కూడా నవ్వారు. మహానంది చిన్నబుచ్చుకున్నాడు గానీ, కాసేపటికే కిటికీలోంచి చూసి, "సార్, ఆ రాళ్ళగుట్ట పేరేంది?" అన్నాడు. ఊరుకునే రకం కాదు.

ఓబుళమ్మ సంచిలో సద్దిమూటతో పాటు ఇంకొక చిన్న మూట ఉంది. దాన్ని మధ్యమధ్యలో తడిమి చూసుకుంటూనే ఉంది. అది దస్తగిరమ్మది.

దస్తగిరమ్మ వాళ్ళ వీధిలోనే చివరి ఇంట్లో ఉంటుంది. దూది ఏకి పరుపులు కుట్టే ముసలమ్మ. ఆమె మనవడు చిన్న హుసేనుకు వానాకాలంలో విషజ్వరం వచ్చింది. వీధి వీధంతా ఆశ వదులుకున్న రోజున దస్తగిరమ్మ చేతులెత్తి మొక్కుకుంది. "సామీ, నా బిడ్డకు జ్వరం దిగితే కర్నూలు దర్గాలో చక్కెర చదివిస్తా."

చక్కెర చదివించడమంటే ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పీర్ల పండుగకు హిందువులు, ముస్లిములు అని లేకుండా అందరూ చేసేదే. చక్కెర తీసుకుపోయి దర్గా చూసుకునే ముజావరు చేతికిస్తారు. ఆయన పిల్లవాడి పేరు అడిగి, కండ్లు మూసుకుని చదువుతాడు. సగం చక్కెర అక్కడే ఉంచుకుని సగం తిరిగి ఇస్తాడు. ఆ సగాన్ని ఇంటికి తెచ్చి తలా చిటికెడు పంచితే మొక్కు తీరినట్టు.

హుసేనుకు జ్వరం దిగింది. కానీ దస్తగిరమ్మకు మోకాలు పట్టేసింది. వీధి చివరి బావి దాకా పోవడమే గగనం, ఇక కర్నూలు యాడ? తీరని మొక్కు నెత్తిన పెట్టుకుని ముసలమ్మకు అన్నం సహించడం లేదు. పిల్లవాడు తుమ్మినా, దగ్గినా, "మొక్కు తీర్చలేదని సామికి కోపం వచ్చిందేమో" అని ఉలిక్కిపడుతోంది.

అందుకే బడిపిల్లలు కర్నూలు పోతున్నారని వినగానే ఓబుళమ్మను పిలిచింది. తెల్లగుడ్డలో కట్టిన చక్కెర మూట చేతిలో పెట్టింది.

"పాపా, పిల్లోని పేరు చెప్పి చదివించుకొని రా తల్లీ. మరిచిపోవద్దు. దర్గా యాడుండాదంటే, టేసన్ దిగినాక..."

"నాకు తెల్సవ్వా!"

"అది గాదే, టేసన్ దిగినాక..."

"తెల్సంటి గదా అవ్వా! కర్నూల్లో నాకు తెలీందేముండాది?" అని ఓబుళమ్మ మూట తీసుకుని తుర్రుమంది. దస్తగిరమ్మ మాట సగం నోట్లోనే ఉండిపోయింది.

కర్నూలు స్టేషన్లో దిగగానే అయ్యవారు అందరినీ వరుసలో నిలబెట్టారు.

"రేయ్, గుంపు వదలద్దండి. తెలీంది అడగండి. సిగ్గుపడద్దండి."

ముందుగా కొండారెడ్డి బురుజు ఎక్కారు. కోట గోడలు చాలావరకు పోయినా బురుజు మాత్రం బింకంగా నిలబడి ఉంది. పైకెక్కి చూస్తే ఊరంతా కనిపించింది. అవతల తుంగభద్ర. పిల్లల నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. కడవ నీళ్ళు వంటకు, పాత్రలకు, మళ్ళీ ఎద్దులకు సర్దే ఊరి పిల్లలు వాళ్ళు. అన్ని నీళ్ళు ఒకచోట ఎవరి కడవలోకీ పోకుండా ఊరికే పారడం వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు.

"సార్, ఇన్ని నీళ్ళు యాడికి పోతాండాయి?" అన్నాడు మహానంది.

"కృష్ణలో కలిసి సముద్రానికి."

"మన ఊరికి ఎందుకు రావు సార్?"

"మంచి ప్రశ్న. ఇది మంత్రుల్ని అడగాల్రా" అన్నారు అయ్యవారు.

మంత్రులుండే ఊరే గనక, కిందికి దిగాక ప్రభుత్వ ఆఫీసులు కూడా చూశారు. కట్టడాలు చాలక చాలా ఆఫీసులు డేరాల్లోనే నడుస్తున్నాయి. గాలి వీస్తే డేరా ఎగురుతోంది, కాగితాలూ ఎగురుతున్నాయి, ఒక గుమాస్తా వాటి వెంట పరిగెత్తుతున్నాడు. పిల్లలకు అదే అన్నిటికన్నా నచ్చింది.

ఏటి ఒడ్డున కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నారు. తర్వాత హంద్రీ ఒడ్డున ఉన్న గుమ్మటం వైపు నడిచారు.

గుమ్మటం దూరం నుంచే కనిపించింది. పెద్ద పెద్ద గుమ్మటాలు, వాటి కింద వంపు తిరిగిన ద్వారాలు. ఓబుళమ్మ గుండె ఒక్కసారి తేలికపడింది. నిజం చెప్పాలంటే పొద్దున్నుంచీ ఆమెకు లోపల దిగులుగానే ఉంది. దర్గా యాడుందో తెలియదు, అడగడానికి మనసు రాదు. ఇప్పుడు దర్గాయే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇదే దర్గా! చెప్పలే, నాకు తెల్సని" అని తనకు తనే చెప్పుకుంది.

అయ్యవారు బయట నిలబడి పిల్లలకు ఏదో చెప్పడం మొదలుపెట్టారు. తెలిసిన విషయం మళ్ళీ వినడం దేనికని ఓబుళమ్మ మెల్లగా లోపలికి జారుకుంది.

లోపల చల్లగా ఉంది. సమాధులున్నాయి. ముజావరు మాత్రం లేడు. అగరొత్తుల వాసన లేదు, పూలు లేవు, దీపం లేదు. ఓబుళమ్మ కాసేపు చూసింది. అన్నానికి పోయాడేమో అనుకుంది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. బయట అయ్యవారి మాటలు అయిపోయేలా ఉన్నాయి.

ఇక చేసేదేముంది? మూట విప్పింది. సగం చక్కెర ఒక సమాధి దగ్గర రాతిమీద పోసింది. కండ్లు మూసుకుని, "చిన్న హుసేను, చిన్న హుసేను" అని పేరు చెప్పింది. చదవడం తనకు రాదు గనక బడిలో నేర్చుకున్న ప్రార్థన మెల్లగా అప్పజెప్పింది. అంతా భక్తిగానే చేసింది. ఆ మాట ఆమె తరఫున చెప్పాల్సిందే.

కండ్లు తెరిచేసరికి ఒక నల్లమేక చక్కెరలో మూతి పెట్టి ఉంది.

"హేయ్! పో!" అని ఓబుళమ్మ దాన్ని తోసింది. మేక కదల్లేదు. గుమ్మటం చుట్టూ మేసే మేకల్లో అదొకటి. చక్కెర దొరకడం దాని జన్మలో అదే మొదలేమో, రాయి కూడా శుభ్రంగా నాకి, మూటలోని సగం వైపు చూసింది. ఓబుళమ్మ మూట గబగబా కట్టేసి బయటికి పరుగెత్తింది.

బయట మహానంది గొంతు వినిపించింది.

"సార్, ఈడ చక్కెర చదివిస్తారా సార్?"

"ఈడనా? లేదురా. ఇప్పుడే చెప్తి గదా, ఇది దర్గా గాదని. ఇది అబ్దుల్ వహాబ్ అనే ఆయన సమాధి. ఈ కర్నూలును ఏలినోడు. చదివించాలంటే ఊర్లో దర్గా ఉండాది, ఆడికి పోవాల" అన్నారు అయ్యవారు.

ఓబుళమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"రైలుకు ఇంకా టైముండాది. ఊర్లో ఎవరన్నా ఏదన్నా పని చెప్పింటే చెప్పండి. దారిలో చూసుకొని పోదాం" అన్నారు అయ్యవారు. ఒకడు వాళ్ళమ్మ సబ్బు తెమ్మందన్నాడు. ఇంకొకడు తాతకు నశ్యం కావాలన్నాడు.

"నీకేమన్నా ఉండాదా పాపా?"

ఓబుళమ్మ నోరు తెరిచింది. మహానంది ఆమెనే చూస్తున్నాడు. రైల్లో నవ్విన పిల్లలందరూ చూస్తున్నారు. 'దర్గా యాడుండాదో నాకు తెలీదు సార్' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే ఇంకేముంది, ఊరు చేరేదాకా నవ్వుతారు.

"ఏంలేదు సార్" అంది.

దారిలో సబ్బు కొన్నారు, నశ్యం కొన్నారు. మొక్కు మాత్రం సంచిలోనే ఉండిపోయింది.

పొద్దుగూకేసరికి ఊరు చేరారు. దస్తగిరమ్మ గడప మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఒళ్ళో హుసేను. జ్వరానికి వెంట్రుకలు రాలిపోయి వాడి తలమీద ఇప్పుడిప్పుడే నూగు వస్తోంది.

"వచ్చినావా నా తల్లీ!" అని మూటను రెండు చేతులా అందుకుని కండ్లకద్దుకుంది. "సగం ఆడ తీసుకున్యారా?"

"ఊఁ" అంది ఓబుళమ్మ. తీసుకున్నది ఎవరో చెప్పలేదు.

"పిల్లోని పేరు చెప్తివా?"

"చెప్తినవ్వా." ఇదొక్కటి మాత్రం నిజం.

"ముజావరు నీ తల మీద నెమలీకల కట్టతో తట్టినాడా?"

అలాంటిదొకటి ఉంటుందని ఓబుళమ్మకు తెలియనే తెలియదు. అయినా నోటికి అలవాటైన పని అది చేసేసింది. "తట్టినాడవ్వా."

దస్తగిరమ్మ మొహం వెలిగిపోయింది. "అట్లనా! అయితే ఇట్ల వంగు తల్లీ. ఆ నెమలీక తాకిన తల నీది. నా బిడ్డకు కూడా రవంత అంటనీ."

ముసలమ్మ తన అరచేయి ఓబుళమ్మ నడినెత్తిన ఆనించింది. దూది ఏకీ ఏకీ గరుకెక్కిన చేయి. అలా కాసేపు ఉంచి, ఏదో జారిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా ఆ చేతిని మనవడి బోడితల వైపు తీసుకుపోసాగింది. హుసేను తల వంచుకుని కదలకుండా కూర్చున్నాడు.

ఓబుళమ్మ ఆ చేతిని గభాల్న పట్టుకుంది.

"తాకించద్దవ్వా! నా తల మీద ఎవరూ తట్టలేదు."

"ఏంటికి తట్టలేదు?"

"నేను దర్గాకు పోలేదు. దర్గా యాడుండాదో నాకు తెలీదు. గుమ్మటం చూసి అదే దర్గా అనుకుంటి. ఆడ చక్కెర పోస్తి. మేకొచ్చి తినె."

దస్తగిరమ్మ చేయి గాలిలోనే ఆగిపోయింది. "నా మొక్కు మేక తినిందా?"

"సగమే అవ్వా. సగం ఇదిగో, ఇదే."

ఇంకో సమయంలో అయితే ఆ మాటకు ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. మూటను పక్కన పెట్టింది. మనవణ్ణి దగ్గరికి లాక్కుంది.

"తెలీదని ఆ పొద్దే ఒక మాట చెప్పింటే వేరేవాళ్ళ చేతికిచ్చి పంపుదును గదే. తెల్సు తెల్సంటివి. నాకు శానా కోపంగా ఉండాది పాపా. ఇంటికి పో."

ఓబుళమ్మ ఇంటికి పోయింది. అమ్మ రామలక్ష్మమ్మ సంగటి పెడితే ముట్టలేదు. కర్నూల్లో ఏం చూశావని అడిగితే బావురుమంది. ఏడుస్తూనే అంతా చెప్పింది.

రామలక్ష్మమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. "నా ముందర ఏడిస్తే ఏమొస్తాది? పోయి మీ నాయన్ని అడుగు" అంది.

వాళ్ళ నాయన బొజ్జన్న పశువులకు మేత వేస్తున్నాడు. ఓబుళమ్మ పోయి పక్కన నిలబడింది.

"నాయనా, దస్తగిరవ్వను కర్నూలు దర్గాకు తీసుకపోవాల. ఎట్ల తీసుకపోవాల్నో నాకు తెలీదు. నువ్వు వస్తావా?"

బొజ్జన్న చేతిలో మేత చేతిలోనే ఉండిపోయింది. కూతురి నోట 'తెలీదు' అన్న మాట వినడం ఆయనకు అదే మొదలు.

"బేస్తవారం పోదాం. నాక్కూడా కర్నూల్లో పనుండాది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓబుళమ్మ దస్తగిరమ్మ ఇంటికి పోయింది. ముసలమ్మ దూది ఏకుతోంది. తల ఎత్తలేదు.

"అవ్వా, బేస్తవారం కర్నూలు పోదాం రా. నాయన కూడా వస్తాడు. టేసన్ దాకా బండి కడతాడు. చక్కెర మా అమ్మ ఇస్తాది."

"నా మోకాలు?"

"మెల్లగా పోదాం. యాడ నొస్తే ఆడ కూర్చుందాం."

దస్తగిరమ్మ దూది పక్కన పెట్టి ఓబుళమ్మ మొహంలోకి చూసింది. "దారి తెల్సునా?"

"తెలీదవ్వా."

"తెలీదా?"

"ఊఁహూఁ."

"అయితే వస్తా పా" అంది దస్తగిరమ్మ.

ఓబుళమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. "అవ్వా, ఆ పొద్దు దారి చెప్పబోతివే, టేసన్ దిగినాక అని. అది చెప్పు, ఈసారి ఇంటా."

"నాకేం తెల్సు దారి? నేనెప్పుడన్నా పోయింటే గదా! టేసన్ దిగినాక ఎవర్నన్నా అడగవే అని చెప్పబోతి. నువ్వు నిలబడితివా?"

బేస్తవారం పొద్దున బండి కట్టారు. రైలెక్కారు. దస్తగిరమ్మ హుసేనును ఒళ్ళో పెట్టుకుని, చక్కెర మూటను కొంగున ముడేసుకుని కూర్చుంది. కర్నూల్లో దిగగానే బొజ్జన్న తలగుడ్డ సర్దుకున్నాడు.

"నాకు తెల్సు. నా ఎనకాల రండి" అన్నాడు.

ఓబుళమ్మకు ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది.

బొజ్జన్న ముందు నడిచాడు. బజారు దాటారు. ఒక సందులో తిరిగారు. ఆ సందు ఇంకో సందులోకి పోయింది. దస్తగిరమ్మ కుంటుతూ నడుస్తోంది. హుసేనును ఓబుళమ్మ చంకనెత్తుకుంది. చివరికి ఆ దారి పోయి ఒక పెద్ద డేరా ముందు ఆగింది. అది ఏదో ఆఫీసు. డవాలా పట్టీ వేసుకున్న బంట్రోతు అడ్డంగా నిలబడి, "ఎవరు కావాల్నప్పా?" అన్నాడు.

"ఎవరూ వద్దు. ఊరికే చూస్తాండాం" అన్నాడు బొజ్జన్న. చూడ్డానికి అక్కడ డేరా తాళ్ళు తప్ప ఏమీ లేవు.

"నాయనా, ఆయప్పను అడుగుదాం" అంది ఓబుళమ్మ.

"ఎందుకు? నాకు తెల్సు. ఈ సందు గాదు, అవతల సందు."

అవతల సందులో కూడా దర్గా లేదు. దస్తగిరమ్మ ఒక అరుగు మీద కూలబడింది. మోకాలు పట్టుకుని కండ్లు గట్టిగా మూసుకుంది. "నాకు ఆ సామి దర్శనం రాసిపెట్టలేదేమోలే, బొజ్జన్నా. తిరిగి పోదాం" అంది.

బొజ్జన్న తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరినీ అడగలేదు. తెల్లబట్టలు కట్టుకున్న పట్నంవాళ్ళు పక్కనుంచి పోతూనే ఉన్నారు.

ఎదురుగా ఒక ఆమె గాజుల మలారం ముందు కూర్చుని ఉంది. చుట్టూ పట్నం ఆడపిల్లలు, రిబ్బన్ జడలవాళ్ళు, గాజులు వేయించుకుంటున్నారు. ఓబుళమ్మ హుసేనును అవ్వ పక్కన దింపింది. నేరుగా వాళ్ళ మధ్యలోకి పోయి నిలబడింది. గట్టిగానే అడిగింది.

"చిన్నమ్మా, మాది పల్లెటూరు. మాకు దారి తెలీదు. దర్గా యాడుండాది?"

రిబ్బన్ జడల పిల్లల్లో ఒకతె కిసుక్కున నవ్వింది. ఓబుళమ్మ చెవులు ఎర్రబడ్డాయి. కానీ అక్కడినుంచి కదల్లేదు.

"దర్గానా? అయ్యో, దాన్ని దాటి వచ్చినారు గదమ్మా!" అంది గాజులామె. "ఎనక్కి పోండి. నూనెగానుగ పక్కన పచ్చ తలుపు కనపడ్తాదే, అదే. ఈ ముసలామె నడవల్యాకుంటే నా పీట తీసుకపో, నడుమ నడుమ కూర్చుంటాది. మళ్ళా తెచ్చియ్యి."

అంతే. ఇంత చిన్న పని.

గానుగ పక్కన పచ్చ తలుపు నిజంగానే ఉంది. దాని ముందునుంచే వాళ్ళు రెండుసార్లు పోయారు. బొజ్జన్న ఆ తలుపును చూసి దగ్గాడు.

లోపల అగరొత్తుల పొగ, మల్లెపూల చాదర్. తెల్లగడ్డం ముజావరు చక్కెర మూట అందుకున్నాడు.

"ముందు ఎప్పుడన్నా వచ్చినారా ఈడికి?" అని అడిగాడు.

బొజ్జన్న నోరు తెరవబోయాడు.

"లేదు తాతా. ఇదే మొదలు. ఏం చెయ్యాల్నో మాకు తెలీదు, నువ్వే చెప్పు" అంది ఓబుళమ్మ.

ముజావరు చెప్పాడు. ఎక్కడ నిలబడాలో, చేతులు ఎలా పట్టుకోవాలో చూపించాడు. పిల్లవాడి పేరు అడిగాడు. "చిన్న హుసేను" అని దస్తగిరమ్మ చెప్పింది. ఆ పేరు చెప్తూ చెప్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. వానాకాలం నుంచీ ఆపుకున్న ఏడుపు అది. ముజావరు చదివాడు. నెమలీకల కట్టతో హుసేను బోడితల మీద తట్టాడు. వాడికి చక్కిలిగింత పుట్టి కిలకిలా నవ్వాడు. ఆ పక్కనే ఉన్న ఓబుళమ్మ తల మీద కూడా తట్టాడు.

పీట తిరిగి ఇచ్చి రోడ్డు మీదికి వచ్చాక బొజ్జన్న ఆగాడు. దారి మూడు వైపులకు పోతోంది. "టేసన్‌కు నాకు తెల్..." అని సగంలో ఆపేసి కూతురి వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, నిలబడి ఉన్న జట్కావాణ్ణి పిలిచాడు.

"ఏమప్పా, టేసన్‌కు ఎట్ల పోవాల?"

"ఎక్కండి, నేనే తీసుకపోతా" అన్నాడు జట్కావాడు.

జట్కా కదిలింది. దస్తగిరమ్మ వెనక్కి ఆనుకుని కాలు చాపుకుంది. కొంగు ముడిలో సగం చక్కెర. ఊళ్ళో ఎవరెవరికి పంచాలో పైకే చెప్పుకుంటోంది. ఓబుళమ్మ కాసేపు గుర్రం తోకను చూస్తూ కూర్చుంది. తర్వాత అవ్వ ముందుకు జరిగి, ఎవరూ చెప్పకుండానే తల వంచింది.

"ఏమే?" అంది దస్తగిరమ్మ.

"ఇప్పుడు తాకించవ్వా."

"పిల్లోనికి ఆయనే తట్టినాడు గదే. ఇంగ నీ తలెందుకు?"

"అయినా తాకించు. ఈసారి నిజంగా తట్టినాడు."

దస్తగిరమ్మ ఈసారి పకపకా నవ్వింది. గరుకు అరచేయి ఓబుళమ్మ నడినెత్తిన ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఆ చేతిని మెల్లగా తీసుకుపోయి మనవడి తలమీద పెట్టింది.